ఆంధ్రులకొక నౌకాశాల

ఏటేటా ఏప్రిలు 5వ తేదీ వచ్చును. 1919వ సంవత్సరమున ఆ దినముననే సింధియా కంపెనీవారి 'లాయల్టీ' యను పొగయోడ బొంబాయి రేవు విడిచి లండనుకు పయనమయ్యెను. సముద్రమార్గములన్నియు తమ సొత్తని తలచుచుండిన బ్రిటిషు కంపెనీల కన్నులయెదుట స్వదేశపు మూలధనముతో ఓడ నడపుట ఆనాటికి సామాన్యమైన సాహసము కాదు. రాజభక్తియను పేరు పెట్టుకొనిన ఓడయే స్వాతంత్ర్యచిహ్నమగుట విధివిలాసము. 1964 మొదలు ఆ తేదీని జాతీయ నౌకాయాన దినముగా పాటించుచున్నారు. రేవుపట్టణములలో జెండాలెత్తుదురు. పెద్దలు వేదికలెక్కుదురు. శాతవాహనుల ఓడబొమ్మ నాణెమును స్మరింపని ఉపన్యాసమొక్కటియు ఉండదు. మరునాటికి జెండాలు దింపుదురు, నాణెమును మరతురు.

ఆ నాణెమును మేమును గౌరవింతుము. యజ్ఞశ్రీ శాతకర్ణి పేర తూర్పుతీరమున దొరకిన సీసపు నాణెములమీద రెండు స్తంభముల ఓడ ముద్రింపబడియున్నది. రాజు తన నాణెముపై ఓడను వేయించుకొనెననగా ఆ రాజ్యమునకు సముద్రముతో బొత్తు కలదనుట స్పష్టము. కాని ఆ నాణెము బొటనవ్రేలి గోటితో కప్పిపుచ్చదగినంతటిది. ఆ ఓడ పలకలు మేకులతో బిగించిరా, త్రాళ్లతో కుట్టిరా? దానిని నడపిన తండేలు ఏ నక్షత్రమును చూచి దిక్కు తెలిసికొనెను? నాణెము చెప్పదు. ఆ చిన్న సీసపు ముక్కపై మనము మోపుచున్న గర్వపు బరువు మిక్కుటము. గర్వమునకు ఆధారములు లేవని కాదు. ఆధారములను వెదకి, కూర్చి, భద్రపరచు శ్రమకు మనము ఒడంబడలేదని మా ఆక్షేపణ.

మన తీరము సుమారు వేయి కిలోమీటర్ల పొడవుగలది. దాని వెంట నడచినచో ఊళ్ల పేర్లే చరిత్ర చెప్పును. కోనసీమలో ఓడలరేవున్నది. చీరాలయొద్ద వాడరేవున్నది, వాడయనగా పాత తెలుగున ఓడయే. కళింగపట్నము, భీమునిపట్నము, నిజాంపట్నము, కృష్ణపట్నము అనువానిలోని పట్నము సామాన్యమైన ఊరు కాదు, రేవుపట్టణము. బందరనుట పారసీకభాషలో రేవనుటయే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకునావికుడొకడు వ్రాసిన యాత్రాగ్రంథము 'మసాలియా' దేశపు సన్ననిబట్టలను పేర్కొనుచున్నది. రెండవ శతాబ్దమున టాలమీ తన భూగోళమున 'కంటకొస్సుల' యను వర్తకస్థానమును గుర్తించెను. అది మన కృష్ణాజిల్లాలోని ఘంటశాలయని పండితుల అభిప్రాయము. ఆ ఘంటశాలలో దొరకిన ప్రాకృతశాసనమున శివకుడను మహానావికుని పేరున్నది. నేడు ఘంటశాలలో నిలుచుండి చూచినవానికి సముద్రము కనబడదు. నది ఒండ్రు పోసి తీరమును దూరమునకు నెట్టివేసినది. మహానావికుని ఊరిలో నాగలి నడచుచున్నది. ఓడలు బండ్లగునను సామెతకు ఇంతకంటె ప్రత్యక్షప్రమాణము వేరొకటి వలయునా?

మోటుపల్లికి పోయిన పాఠకులు కొలదిమందియే యుందురు. వీరభద్రాలయపు మండపస్తంభముపై కాకతి గణపతిదేవుని అభయశాసనము కలదు. కాలము 1244-45. అంతకుమున్ను రాజులు తుపానునకు చిక్కి, మార్గము తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, రత్నములను, సరుకంతటిని బలాత్కారముగా లాగుకొనుచుండిరట. సముద్రమున సర్వస్వమును పోగొట్టుకొని బ్రదికి బయటపడిన వర్తకుని మిగిలిన మూటను రాజభటుడు దోచుకొనెడివాడన్నమాట. గణపతిదేవుడా ఆచారమును రద్దుచేసి, నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు గ్రహింపబోనని అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతని సుంకమును శిలపై చెక్కించెను. ప్రాణముకంటె ప్రియమైన ధనమును నమ్ముకొని మహాసముద్రములు దాటువారిపై దయయు, తనకు కీర్తియు, ధర్మమును కోరి ఈ కట్టుబాటు చేసితినని రాజు చెప్పుకొనుచున్నాడు. వానికి తోడు వర్తకులు వచ్చిననే ధనాగారము నిండునను తెలివియు నుండెననుట మాకు తోచుచున్నది. దయయు లాభమును ఒకేదారిన నడచిన అరుదైన ఘట్టములలో ఇదియొకటి. 1358లో అనపోతారెడ్డి అదేచోట పరదేశవర్తకులకు మరల అభయమిచ్చెను. తరువాతి కాలమున అవచి తిప్పయసెట్టి ఓడలపై సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రములు, చీనాపట్టులు వచ్చినట్లు శ్రీనాథుడు తన హరవిలాసమున వర్ణించెను. ఆ కావ్యమును అంకితము పుచ్చుకొన్నవాడును ఆ సెట్టియే.

ఇంతటి శాసనమును చూడవచ్చిన బాలునికి దాని అర్థమును సులభమైన తెలుగున చెప్పు ఏర్పాటు తగినట్లున్నదా? అచ్చట దిగిన సరుకు ఎట్టిదో చూపు నమూనా యొకటైన నున్నదా? శిల నిలిచియున్నది, మాట నిలువలేదు.

బందరు సంగతి కొంత ఎక్కువగా తెలిసినదే. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నపు ఓడలు పెగూకును, అచేకును, మక్కా యాత్రికులతో ఎఱ్ఱసముద్రమునకును పోయెడివి. హాలెండువారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట దిగిరి. మన అద్దకపుబట్టలు వారి దేశములలో విలాసవస్తువులై వెలసినవి. హాలెండువారి సమాధులపైని చెక్కడపు వ్రాతలను నేటికిని చదువవచ్చును. ఎవరు ఏనాడు పుట్టిరి, ఏ ఉద్యోగము చేసిరి, ఏనాడు గతించిరి, అంతయు వ్రాసిపెట్టుకొనిరి. వారి సరుకును అలలమీదుగా ఓడకెక్కించిన మన పల్లెకారుల పేరొక్కటైనను ఎచ్చటను లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమందిని మ్రింగినప్పుడును ఆ పల్లెకారులే ముందు పోయియుందురు.

సరుకెక్కించిన ఆ పడవను గూర్చి ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. మన తీరమున సహజమైన రేవులు తక్కువ. ఓడలు ఒడ్డునకు మైళ్లదూరమున లంగరు వేయవలసినదే. నడుమ మూడువరుసల అలలు విరుగుచుండును. యూరోపియనుల పడవ, లోపల గట్టి ఎముకలవంటి కొయ్యలు పెట్టి మేకులతో బిగించినది, ఆ అలలలో ఇసుకకు తాకగానే పగిలెడిది. మనవారు పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, లోపల ఎముకలు లేకుండ పడవ కట్టిరి. అది అలకు వంగును; ఇసుకకు తాకినపుడు మెత్తగా సాగి మరల తన ఆకారమునకు వచ్చును. దీనినే ఇంగ్లీషువారు 'మసులా' పడవయనిరి. చెన్నపట్టణమున హార్బరు కట్టకముందు గవర్నరులు మొదలుకొని బంట్రోతులవరకు అందరును ఈ కుట్టుపడవలలోనే ఒడ్డెక్కవలసివచ్చెను. నావికాశాస్త్రమున ఇంతటి వివేకముగల సాధనము ఇప్పుడేది? హార్బరులు వచ్చినవి, ఫైబరు పడవలు వచ్చినవి, కుట్టుపడవ పోయినది. కొయ్యదుంగలను కట్టిన తెప్పయు ఒడ్డులనుండి తొలగుచున్నది. జీవనము సులభమైనదని పల్లెకారుడు సంతోషించుట న్యాయమే. ఆతడు మనకొఱకు కష్టములు పడుచుండవలెనని కోరుట క్రూరత్వము. కాని కుట్టుముడిని ఎట్లువేయుదురో ఒక్కచోటనైన భద్రపరచియుంచుట ఆతని పని కాదు, మన పని.

గోదావరి ముఖద్వారమున కోరంగి కలదు. కలకత్తాకును తిరుకోణమలైకును నడుమ పెద్దయోడలను మరమ్మతునకు ఎక్కించుటకు తగినచోటు ఆ కాలమున అదియొక్కటే. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని తుడిచిపెట్టినవి. మిగిలిన దానిని గోదావరి ఒండ్రు పూడ్చివేసెను. వర్తకము కాకినాడకు తరలినది. నేడు కోరంగికి పోయినవారు మడఅడవులను, పక్షులను చూచి వత్తురు. ఓడలు కట్టిన ఊరని వారిలో ఎందరెరుగుదురు? ఆ ప్రక్కనున్న తాళ్లరేవున కొయ్యయోడల వడ్రంగము తరువాతను నిలిచియుండెను.

కాని కోరంగి పేరు సముద్రమున కావలియొడ్డున చావలేదు. బర్మాలో తెలుగువారినందరిని 'కోరంగీలు' అనిరి. కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్నము మొదలగు రేవులనుండి పొగయోడలెక్కి వేలకొలదిజనము రంగూనుకు పోయిరి. అచ్చటి రేవుకూలీలలో ముఖ్యులు వారే. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగుకూలీల సమ్మె తరువాత చెలరేగిన అల్లరులలో వందలకొలది ప్రాణములు పోయినవి. 1941 డిసెంబరున జపాను బాంబులు పడిన పిమ్మట మిగిలినవారిలో ఎందరో అడవులవెంట కాలినడకను ఇల్లు చేరిరి, ఎందరో చేరలేదు. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి జిల్లాలలో రంగూను జ్ఞాపకములేని గ్రామములు తక్కువ. ఓడబొమ్మ నాణెమును గూర్చి గంటసేపు ప్రసంగించు పండితుడు ఈ ఓడలను గూర్చి నిమిషమైన పలుకడు. రాజులెక్కిన ఓడలే చరిత్రయా, కూలీలెక్కిన ఓడలు చరిత్ర కాదా?

ఇందు మన తప్పు దాచుకొనరాదు. సముద్రయానము చేసినవాడు పతితుడని స్మృతులు చెప్పినవి. వ్రాయనేర్చినవారు ఒడ్డున నిలిచిరి. ఓడ నడపినవారికి వ్రాత నేర్పలేదు. ఆ కారణముననే మన నౌకాయానమునకు నాణెములును, పరదేశీయుల గ్రంథములును, రాజుల సుంకపు శాసనములును ఆధారములగుచున్నవి గాని నావికుడు తాను వ్రాసికొనిన వాక్యము దొరకుట మిక్కిలి యరిది. 1912లో రాధాకుముద ముఖర్జీ గారు భారతీయ నౌకాయాన చరిత్రను గ్రంథముగా వ్రాసి దేశమునకు కన్ను తెరిపించిరి. ఆ మహోపకారము మరువరానిది. అయినను ఆ మార్గమున ఊరూరికి పోయి నావికుని నోట వినవలసిన పని అప్పుడును మిగిలెను, ఇప్పుడును మిగిలియున్నది. అప్పటికంటె ఇప్పుడు వినదగిన ముసలివారు తక్కువ.

ఇతరదేశములవారు చేసినపని చూతము. స్వీడను రాజు కట్టించిన 'వాసా' యను యుద్ధనౌక 1628లో తొలిప్రయాణముననే రేవు దాటకుండ మునిగిపోయెను. ఇంతకంటె లజ్జాకరమైన ఓడ వేరొకటి యుండదు. అయినను వారు దానిని 1961లో పైకెత్తి, ఏండ్లతరబడి మందులు చల్లి కొయ్యను బ్రదికించి, 1990లో దానికొక భవనము కట్టి లోకమునకు చూపుచున్నారు. జావాలో బోరోబుదూరు శిల్పమున చెక్కిన ఓడను చూచి అట్టిదానినే కొయ్యతో కట్టి, 2003-04లో ఆఫ్రికా పశ్చిమతీరమువరకు నడపి, తెచ్చి ఆ ఆలయముకడనే మ్యూజియముగా నిలిపిరి. మన మనస్సును కలచు నిదర్శనము మరియొకటి కలదు. బొంబాయి ఓడలశాలలో పార్శీ వాడియా వంశపు పనివారు మలబారు టేకుతో కట్టి 1817లో నీటదింపిన 'ట్రింకొమలీ' యను యుద్ధనౌక నేటికిని తేలుచున్నది. ఎచ్చట? ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవున. మన టేకు, మన ఉలి. జూచుటకు మాత్రము టిక్కెట్టు వారిది. వారు దొంగిలించిరని మేమనము. ఓడ వారి నౌకాదళమునకు కట్టినదే. వారు దానిని కాపాడుకొనిరనియు, మనమైనచో వంటచెరకు చేసియుందుమనియు మా భయము.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. 1971 యుద్ధమున తూర్పుసముద్రమున చిట్టగాంగు, కాక్సుబజారులపై విమానములను పంపిన 'విక్రాంత్' మనకు తెలియనిదా? 1997లో అది సేవ విరమించెను. బొంబాయిలో కొన్నియేండ్లు మ్యూజియముగా నుండెను. తరువాత నిలుపుటకు ధనము లేదని, నిలిపిన అపాయమని తర్జనభర్జనలు జరిగి, 2012లో ద్వారములు మూసి, 2014లో ముక్కలు చేసి ఇనుముక్రింద అమ్మిరి. ఓడను నిలబెట్టుట ఒకనాటి ఉత్సవము కాదనియు, ఏటేటా రంగు, మరమ్మతు, జీతములు వలయుననియు మొదటనే లెక్కవేసికొనకపోవుట ఆ దుర్గతికి కారణము.

విశాఖపట్టణమున మంచియుదాహరణ మున్నది. 1969 నుండి 2001 వరకు కొలువుచేసిన 'కుర్సుర' జలాంతర్గామిని రామకృష్ణా బీచియొడ్డునకు చేర్చి, 2002లో ప్రజలకు తెరచిరి. దాని యిరుకు గదులలో నడచిన బాలుడు నావికుని జీవితమెట్టిదో పదిపుస్తకములు చదివినదానికంటె ఎక్కువ తెలిసికొనును. 2017లో దాని యెదుట సముద్రముపై గస్తీ తిరిగిన టీయూ-142 విమానమును నిలిపిరి. ఇవి నౌకాదళపు జ్ఞాపకములు, చక్కనివి. వర్తకపుటోడలకును, కళాసీలకును, పల్లెకారులకును అట్టి కట్టడమేది? ఆ విశాఖలోనే 1941 జూను 21న రాజేంద్రప్రసాదు గారు ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేయగా, 1948 మార్చి 14న నెహ్రూగారు 'జలఉష'ను నీటదింపిరి. వాల్‌చంద్ హీరాచంద్ గారి పట్టుదలచే స్వతంత్రభారతమున పుట్టిన తొలి పెద్దయోడ అది. ఆ దినమున సుత్తిపట్టిన తెలుగు కార్మికుల కథను వినగోరు యువకుడు ఏ గుమ్మము తట్టవలెను?

గుజరాతునందు లోథాల్‌వద్ద వేలకోట్ల రూపాయలతో జాతీయ నౌకావారసత్వశాల నిర్మాణము సాగించుచున్నారు. తరువాతి భాగములకు 2024 అక్టోబరున కేంద్ర మంత్రివర్గము ఆమోదమిచ్చెను. 1950ల నడుమ ఎస్. ఆర్. రావుగారు త్రవ్వి తీసిన అచ్చటి ఇటుకల తటాకము ప్రాచీనమైన ఓడలరేవని ఆయన సిద్ధాంతము. మంచినీటి చెరువని కొందరి వాదము. ఇరుపక్షములను సందర్శకునికి చెప్పుదురని ఆశింతము. సందేహము చెప్పినంతమాత్రమున దేశగౌరవము తఱుగదు. అజంతా చిత్రమునందలి ఓడను చూచి కుట్టుపద్ధతిని కట్టిన 'కౌండిన్య'ను 2025 మే నెలలో కార్వారున నౌకాదళమున చేర్చుకొనిరి. ఇది మాకు పరమానందకరము. ఈ కుట్టువిద్యకు మసులా పడవ పుట్టిన తీరమున గుర్తులేకుండుట మాత్రము మాకు దుస్సహము. లోథాల్‌లో ఎంత గొప్పభవనము లేచినను తాళ్లరేవు వడ్రంగి మనుమడు అచ్చటికి పోయి తన తాతను చూచుకొనలేడు.

రోడ్లు, ఆసుపత్రులు లేనప్పుడు మ్యూజియములేల యని కొందరందురు. ఈ ప్రశ్నను మేము తేలికగా కొట్టివేయము. ఆకలిగొన్న పల్లెకారునికి పాతపడవ చూపి కడుపు నింపలేము. అందుచేతనే చలువరాతి మహలులు మాకు వలదు. బందరున 2023 మే నెలలో క్రొత్తరేవు పనులు ఆరంభమైనవి. కోట్లు వెచ్చించు అట్టిచోట, పాత బందరుకోట పరిసరములలో, ఒక గట్టి కొట్టము వేయుటకు అగువ్యయము ఎంత? అందు కుట్టుపడవయొకటి, తెప్పయొకటి, ఉప్పెనలు ఎంతవరకు వచ్చినవో చూపు పటమొకటి, మోటుపల్లి శాసనపు అచ్చుప్రతియు దాని తెలుగును, రంగూను ఓడల కాగితములును ఉండిన మొదటికి చాలును. తాళ్లరేవున మరియొక చిన్నకొట్టము వలయును. అందు చూపుటకు ఓడ వలదు; కట్టుచుండు ఓడ వలయును. పనిచేయు వడ్రంగికి జీతమిచ్చి, ఇద్దరు కుఱ్ఱవాండ్రను ఆతనికి శిష్యులుగా పెట్టవలెను. వడ్రంగిలేని పడవ కొన్ని వర్షములు పడినంత చెదలమేతయగును. రాజధానులలో నొకచోట అంతయు కుప్పవేయుద మనువారితో మేమేకీభవింపము. ఉపన్యాసములకు రాజధాని తగును, పడవకు నీటియొడ్డు తగును.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలసినది లేదు. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు వారిలో తీరపు ఊళ్లవారు అనేకులున్నారు. తాతగారి సరంగు సర్టిఫికెట్టు, రంగూనుకు పోయిన టిక్కెట్టు, ఓడవర్తకపు చిట్టా, పాత చుక్కానికొయ్య మీ యింటి అటకపై నున్నచో అమ్మివేయకుడు, కాల్చివేయకుడు. దాని వివరమును వ్రాసి ఊరి గ్రంథాలయమున నొకప్రతి యుంచుడు. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు అరువదియొక్క దినములు మరపడవల వేట నిలుపుదురు. ఆ దినములలో పడవలు ఇసుకమీదనుండును, తండేళ్లు ఇంటనుందురు, కళాశాలలకు సెలవులుండును. ఇద్దరు విద్యార్థులు ఒక కొలత్రాడును, నోటుపుస్తకమును పట్టుకొని ఒడ్డునకు పోయినచో, పడవ పొడవెంతో, ముడి ఎట్లో, ఏ గాలిని ఏమనియెదరో వ్రాసికొని రావచ్చును. అట్టి నోటుపుస్తకములను మాకు పంపినవారి వ్రాతలను ఈ పత్రికలో ప్రకటింతుము.